అంకె దిగితే చాలా?

బీపీ మందుల్లో బీటా బ్లాకర్లకు ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. పాతవి గుండె వేగానికి కళ్లెం వేసి బీపీని దించుతాయి. కొత్తవి రక్తనాళాలనూ సడలిస్తాయి. కొత్తది వేసుకుంటే బీపీ ఇంకా బాగా తగ్గుతుందా? ఎవరికి ఏది మేలు? తెలుసుకోకుండా మాత్ర మార్చినా, మానేసినా ముప్పేమిటి?

‘‘పదేళ్ల నుంచి అటెనలాల్ వేసుకుంటున్నాను. ఈసారి డాక్టరు గారు నెబివలాల్ రాశారు. కొత్త మందు కదా, బీపీ ఇంకా బాగా తగ్గుతుందా బాబూ?’’ మెడికల్ షాపు కౌంటరు దగ్గర పెద్దవాళ్లు తరచూ అడిగే మాట ఇది. ‘‘కొత్తదే అంకుల్, పవర్ ఎక్కువ’’ అని సమాధానం వస్తుంది. ధర కూడా పాతదానికన్నా ఎక్కువే కాబట్టి పవర్ ఎక్కువన్న మాటను నమ్మేస్తాం. ఇంటికెళ్లాక మిషన్ పెట్టి చూసుకుంటే పై అంకె దాదాపు అక్కడే ఉంటుంది. ‘‘ఇంత డబ్బు పోసి కొన్నది ఇందుకా?’’ అన్న అనుమానం మొదలవుతుంది. కొందరు ఆ అనుమానంతోనే మాత్ర మానేస్తారు.

సూటిగా చెప్పాలంటే, కొత్త బీటా బ్లాకర్లు పాతవాటికన్నా బీపీని ఎక్కువగా దించవు. కొన్ని లెక్కల్లో కాస్త తక్కువే దించుతాయి. తేడా అంతా బీపీ తగ్గే తీరులో ఉంది. చేతికి పట్టీ కట్టి చూస్తే కనిపించని చోట, అంటే గుండెకు ఆనుకుని ఉండే మహాధమనిలో, షుగర్ లెక్కలో, చల్లబడే చేతివేళ్లలో, మెట్లెక్కుతుంటే వచ్చే ఆయాసంలో ఆ తేడా బయటపడుతుంది. అందుకే పాత, కొత్త బీటా బ్లాకర్లను బీపీ అంకె ఒక్కదానితోనే తూస్తే తప్పు లెక్క వస్తుంది.

బీపీకి రెండు తాళ్లు

రక్తపోటు రెండు విషయాల మీద ఆధారపడుతుంది. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోంది అన్నది ఒకటి. ఆ రక్తానికి నాళాలు ఎంత అడ్డు పడుతున్నాయి అన్నది రెండోది. పొలంలో బోరు మోటారు వేసినప్పుడు పైపులో ఒత్తిడి పెరిగితే మోటారు వేగమైనా తగ్గించాలి, పైపునైనా వెడల్పు చేయాలి. పాత బీటా బ్లాకర్లు మొదటి పని చేస్తాయి. కొత్తవి మొదటిదాన్ని కొంత, రెండోదాన్ని కొంత చేస్తాయి.

మనకు కోపమొచ్చినా, భయమేసినా, బస్సు కోసం పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్, నార్అడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలవుతాయి. కణాల మీద వాటిని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. గుండెలో ఎక్కువగా ఉండేవి బీటా-1 గ్రాహకాలు. వీటికి సంకేతం అందితే గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. మూత్రపిండాల్లోనూ బీటా-1 ఉంటాయి. అక్కడ సంకేతం అందితే రెనిన్ విడుదలై, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెట్టే గొలుసు కదులుతుంది, బీపీ పెరుగుతుంది. ఊపిరితిత్తుల గొట్టాల్లో, కండరాలకు వెళ్లే రక్తనాళాల్లో ఉండేవి బీటా-2. ఇవి పనిచేస్తే గొట్టాలు తెరుచుకుంటాయి, నాళాలు వ్యాకోచిస్తాయి. రక్తనాళాల గోడల్లో ఆల్ఫా-1 అనే మరో రకం ఉంటుంది. ఇది పనిచేస్తే నాళాలు బిగుసుకుంటాయి.

బీటా బ్లాకర్ వెళ్లి బీటా గ్రాహకం మీద కూర్చుంటుంది. అడ్రినలిన్ వచ్చినా చోటు దొరకదు. గుండె నెమ్మదిస్తుంది, రెనిన్ తగ్గుతుంది, కొద్ది రోజుల్లో బీపీ దిగుతుంది. ఏ మందు ఏ గ్రాహకాన్ని ఆపుతుంది, ఏది వదిలేస్తుంది అన్నదాన్ని బట్టే ఒక్కో మందుకు ఒక్కో గుణం వచ్చింది.

స్కాట్లండ్ డాక్టరు పట్టుదల

ఈ గ్రాహకాల్లో ఆల్ఫా, బీటా అని రెండు రకాలున్నాయని 1948లో చెప్పినవాడు అమెరికాలోని జార్జియా వైద్య కళాశాల శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్. ఆయన పరిశోధన పత్రాన్ని ముందు పంపిన పత్రిక తిప్పి పంపింది. మరో పత్రిక అచ్చువేసినా పదేళ్ల దాకా పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

పట్టించుకున్నవాడు జేమ్స్ బ్లాక్. 1924లో స్కాట్లండ్‌లో పుట్టిన ఈ డాక్టరు తండ్రి గుండెపోటుతో చనిపోయారు. గుండెనొప్పి రోగులకు అప్పట్లో చేసే వైద్యమంతా గుండెకు రక్తం ఎక్కువగా అందించడం ఎలా అన్న దాని చుట్టూనే తిరిగేది. బ్లాక్ దాన్ని తిరగేసి ఆలోచించాడు. రక్తం ఎక్కువ పంపలేకపోతే, గుండెకు కావాల్సిన ఆక్సిజన్‌ను తగ్గించవచ్చు కదా? అడ్రినలిన్ ఒత్తిడి నుంచి గుండెను తప్పిస్తే ఆ అవసరం తగ్గుతుంది. ఈ ఆలోచనతో 1958లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో చేరాడు. మొదట తయారైన ప్రోనెథలాల్ రోగుల్లో బాగానే పనిచేసింది కానీ, ఎలుకల్లో కణుతులు వచ్చాయని తేలడంతో పక్కన పెట్టేశారు. దాని స్థానంలో వచ్చింది ప్రోప్రనలాల్. 1965 నాటికి ఇండెరాల్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఈ తరహా పరిశోధనకు 1988లో బ్లాక్‌కు నోబెల్ బహుమతి దక్కింది.

బ్లాక్ వెతికింది గుండెనొప్పికి మందు. బీపీ తగ్గడం ఎవరూ ఎదురుచూడని లాభం. గుండె తోసే రక్తం తగ్గితే నాళాలు బిగుసుకుని ఆ లోటు పూడుస్తాయి, కాబట్టి బీపీ తగ్గదనే అప్పటి అంచనా. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ ఆస్పత్రి డాక్టరు బ్రయాన్ ప్రిచర్డ్ మాత్రం ఈ మందు వాడుతున్నవారిలో బీపీ మెల్లగా దిగుతోందని గమనించి, 1964లో ఆ సంగతి ప్రచురించాడు. ఆ ఒక్క పరిశీలనతో బీటా బ్లాకర్లు బీపీ మందుల జాబితాలోకి వచ్చాయి.

మూడు తరాల ముచ్చట

మొదటి తరానికి ప్రతినిధి ప్రోప్రనలాల్. బీటా-1, బీటా-2 రెండింటినీ ఆపుతుంది. గుండె నెమ్మదించడం మంచిదే. కానీ ఊపిరితిత్తుల్లోని బీటా-2 కూడా మూతపడటంతో ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. కండరాల నాళాలు బిగుసుకుని చేతులు, కాళ్లు చల్లబడతాయి. కొవ్వులో కరిగే గుణం ఉండటంతో మెదడులోకీ చేరుతుంది, కొందరికి పీడకలలు వస్తాయి.

రెండో తరం లక్ష్యం బీటా-1ని మాత్రమే ఆపడం. ఈ దారిలో ముందుగా 1970లో వచ్చిన ప్రాక్టలాల్ చేదు అనుభవం మిగిల్చింది. కొందరికి కళ్లు పొడిబారి చూపు దెబ్బతింది, చర్మం మీద మచ్చలు లేచాయి, కడుపులోని పొరలు గట్టిపడ్డాయి. నాలుగైదేళ్లలోనే ఆ మాత్రను ఆపేశారు. 1976లో వచ్చిన అటెనలాల్ ఆ లోటు తీర్చింది. ఇది నీటిలో కరుగుతుంది, మెదడులోకి పెద్దగా వెళ్లదు, మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. చవక, రోజుకో మాత్ర. అందుకే ప్రపంచమంతా పాకింది, మన ఊళ్లలోనూ బీపీ బిళ్ల అంటే అదే అన్నంతగా పాతుకుపోయింది. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ కూడా ఈ తరానివే. బీటా-1నే ఎంచుకుని ఆపడంలో బిసోప్రొలాల్‌కు మంచి పేరుంది. అయితే ఈ ఎంపిక గుణం మోతాదు పెరిగేకొద్దీ సన్నగిల్లుతుందని గుర్తుంచుకోవాలి.

మూడో తరం మందులు గుండెతో పాటు రక్తనాళాల పని కూడా పట్టించుకుంటాయి. లాబెటలాల్, కార్వెడిలాల్ బీటాతో పాటు ఆల్ఫా-1ని కూడా ఆపుతాయి. నాళాలను బిగించే సంకేతం ఆగిపోవడంతో అవి సడలుతాయి. నెబివలాల్ దారి వేరు. బీటా-1ని గట్టిగా పట్టుకుంటుంది, ఆల్ఫా జోలికి పోదు. నాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారయ్యేలా చేస్తుంది. ఆ వాయువే నాళాలను వదులు చేస్తుంది. నెబివలాల్ మాత్రలో అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు రకాల అణువులు సమానంగా ఉంటాయి. ప్రధానంగా ఒకటి గుండె పని చూసుకుంటే, రెండోది నైట్రిక్ ఆక్సైడ్ పని చూసుకుంటుంది. ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ సంకేతంలా పనిచేస్తుందని కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ ఇచ్చారు. 1988 నాటి నోబెల్, 1998 నాటి నోబెల్ ఈ ఒక్క మాత్రలో కలిశాయన్నమాట.

ఇక్కడ ముఖ్యమైన తేడా ఇది. పాత బీటా బ్లాకర్ మొదలుపెట్టగానే గుండె తోసే రక్తం తగ్గుతుంది, నాళాలు కొంత బిగుసుకుంటాయి. కాలం గడిచేకొద్దీ ఆ బిగువు మామూలు స్థితికి వచ్చినా, అంతకన్నా పెద్దగా తగ్గదు. కొత్తవాటిలో గుండె తోసే రక్తం అంతగా పడిపోదు. నాళాల అడ్డు తగ్గడం వల్ల బీపీ దిగుతుంది. ఏళ్ల తరబడి బీపీతో ఉన్న చాలామందిలో అసలు సమస్య ఆ అడ్డే కాబట్టి, సిద్ధాంతం ప్రకారం కొత్త దారే సరైనది.

చేతి బీపీ వేరు, గుండె దగ్గర బీపీ వేరు

రెండువేల దశకం మొదట్లో అటెనలాల్‌కు వరసగా ఎదురుదెబ్బలు తగిలాయి. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో, బీపీ వల్ల గుండె గోడలు మందమైన 9 వేలమందికి పైగా రోగులను తీసుకున్నారు. సగం మందికి లోసార్టన్‌తో, మిగతా సగానికి అటెనలాల్‌తో చికిత్స మొదలుపెట్టారు. రెండు గుంపుల్లోనూ చేతి బీపీ దాదాపు ఒకేలా తగ్గింది. పక్షవాతం మాత్రం లోసార్టన్ వాడినవారిలో 25 శాతం తక్కువ. 2005లో 19 వేలమందికి పైగా పాల్గొన్న ఆస్కాట్ అధ్యయనంలోనూ అమ్లోడిపిన్ మీద ఆధారపడిన చికిత్సే అటెనలాల్ చికిత్సకన్నా మెరుగ్గా నిలిచింది. పక్షవాతం 23 శాతం తక్కువ, కొత్తగా షుగర్ రావడమూ తక్కువ. అందులో బీపీ తగ్గడంలోనూ కొద్ది తేడా ఉంది కానీ, మొత్తం ఫలితానికి అదొక్కటే కారణమని చెప్పలేం. అదే ఏడాది స్వీడన్ పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూసి, బీటా బ్లాకర్లు వాడినవారిలో పక్షవాతం ముప్పు ఇతర బీపీ మందులకన్నా 16 శాతం ఎక్కువని తేల్చారు. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అటెనలాల్‌వే. 2006లో బ్రిటన్ మార్గదర్శకాలు బీటా బ్లాకర్లను బీపీకి మొదటి వరస మందుల్లోంచి కిందికి దించాయి.

చేతి బీపీ ఒకేలా ఉన్నా మెదడుకు ఎందుకు తేడా పడింది? ఆస్కాట్‌లోనే భాగంగా జరిపిన కేఫ్ అనే ఉప అధ్యయనం 2006లో ఒక జవాబు ఇచ్చింది. 2 వేలమందికి పైగా రోగుల్లో చేతి బీపీతో పాటు మహాధమనిలోని పీడనాన్నీ లెక్కగట్టారు. చేతి దగ్గర రెండు గుంపుల మధ్య తేడా ఒక మిల్లీమీటరైనా లేదు. మహాధమనిలో మాత్రం అటెనలాల్ వాడినవారిలో పై అంకె సుమారు 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది.

దీని వెనకున్న లెక్క తెలుసుకోదగ్గది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక పీడన తరంగం ధమనుల గుండా వెళ్తుంది. చిన్న నాళాలు చీలే చోట్ల తగిలి కొంత వెనక్కి వస్తుంది. నాళాలు బిగుసుకుని ఉంటే వెనక్కి వచ్చే తరంగం పెద్దదిగా ఉంటుంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే ఒక్కో తోపు ఎక్కువ సేపు సాగుతుంది. దాంతో ఆ తోపు ముగియకముందే వెనక్కి వచ్చే తరంగం మహాధమనిని చేరుతుంది. రెండూ కలిసి అక్కడ పై అంకెను పెంచుతాయి. మెదడుకు, మూత్రపిండాలకు, గుండె గోడలకు తగిలేది ఆ పీడనమే. చేతికి కట్టిన పట్టీకి అది తెలియదు.

నాళాలను సడలించే బీటా బ్లాకర్ వాడితే వెనక్కి వచ్చే తరంగం చిన్నదవ్వాలి. చిన్న అధ్యయనాల్లో అదే కనిపించింది. నెబివలాల్‌ను అటెనలాల్‌తో, మెటోప్రొలాల్‌తో పోల్చి చూసినప్పుడు చేతి బీపీ ఒకేలా తగ్గినా, మహాధమని దగ్గర నెబివలాల్‌దే పైచేయి అయింది.

షుగర్ ఉన్న ఇంట్లో ఈ తేడా పెద్దది

మన రాష్ట్రాల్లో బీపీ, షుగర్ రెండూ ఉన్నవారు ఇంటింటా కనిపిస్తారు. పాత బీటా బ్లాకర్లతో ఇన్సులిన్ పనితనం కొంత మందగిస్తుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, బరువు ఒకటి రెండు కిలోలు పెరగవచ్చు. పాత బీటా బ్లాకర్‌కు నీరు తీసే థయాజైడ్ మాత్ర తోడైతే షుగర్ కొత్తగా వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది.

కార్వెడిలాల్ ఈ విషయంలో వేరుగా నిలిచింది. 2004లో వెలువడిన జెమినీ అధ్యయనంలో బీపీ, షుగర్ రెండూ ఉన్న 1,200 మందికి పైగా రోగులకు కార్వెడిలాల్ గానీ, మెటోప్రొలాల్ టార్ట్రేట్ గానీ ఇచ్చారు. బీపీ రెండు గుంపుల్లోనూ అదుపులో ఉంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం మెటోప్రొలాల్ గుంపులో కాస్త పెరిగింది, కార్వెడిలాల్ గుంపులో పెరగలేదు. పెరిగింది కొద్దిగానే అయినా, రెండు మాత్రలు బీపీని దించే దారులు ఒకటి కావని ఇది చేతికి చూపించింది. నెబివలాల్ కూడా షుగర్, కొవ్వుల లెక్కను పెద్దగా కదిలించదు. అలసట, కాళ్లు చేతులు చల్లబడటం, మగవారిలో లైంగిక ఇబ్బందులు పాతవాటికన్నా తక్కువ. ఈ చివరి కారణంతో ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసే మగవాళ్లు ఎందరో ఉన్నారు. డాక్టరు దగ్గర మొహమాటం వదిలి చెబితే మందు మార్చవచ్చని వారికి తెలియాలి.

షుగర్ మాత్రలు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోతున్నప్పుడు వచ్చే గుండెదడ, వణుకును బీటా బ్లాకర్లు కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా ఒళ్లంతా చెమట పట్టిందంటే వెంటనే షుగర్ చూసుకోవాలి.

మరి అంకెల్లో ఎవరిది పైచేయి?

కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు 2014-16 మధ్య, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ కోసం బీటా బ్లాకర్ల బలాన్ని రకాల వారీగా లెక్కగట్టారు. ఒక మోస్తరు బీపీ ఉన్నవారిలో మొదటి తరం మందులు సగటున పై అంకెను 10, కింది అంకెను 7 మిల్లీమీటర్లు దించాయి. బీటా-1ని ఎంచుకునేవి 10, 8 చొప్పున దించాయి. నెబివలాల్‌ను ఈ గుంపులోనే లెక్కించారు. ఆల్ఫా, బీటా రెండింటినీ ఆపే కార్వెడిలాల్, లాబెటలాల్ గుంపు దించింది 6, 4 మాత్రమే. గుండె వేగం మొదటి రెండు గుంపుల్లో నిమిషానికి 11-12 తగ్గితే, ఈ మూడో గుంపులో 5 తగ్గింది. మూడో గుంపు అధ్యయనాలు తక్కువ, వాటి నాణ్యతా అంతంతమాత్రమేనని పరిశోధకులే చెప్పారు.

కాబట్టి ‘కొత్తది, పవర్ ఎక్కువ’ అన్న మాటకు ఆధారం లేదు. ఇంకో పెద్ద లోటు కూడా ఉంది. కేవలం బీపీ ఉన్న మామూలు రోగులకు నెబివలాల్ గానీ కార్వెడిలాల్ గానీ ఏళ్ల తరబడి ఇచ్చి, పక్షవాతాలు, గుండెపోట్లు అటెనలాల్‌కన్నా తగ్గాయని నిరూపించిన పెద్ద అధ్యయనం లేదు. మహాధమని పీడనం తగ్గుతుంది, షుగర్ పెరగదు, దుష్ఫలితాలు తక్కువ. ఇవన్నీ మంచి సూచనలే. మనుషులు ఎక్కువ కాలం బతుకుతారన్న రుజువు మాత్రం వేరే చోట దొరికింది, గుండె బలహీనపడిన రోగుల్లో.

బీటా బ్లాకర్ తప్పనిసరి ఎవరికి?

గుండె నీరసించి, కాళ్లకు నీరు చేరి, పడుకుంటే ఆయాసం వచ్చేవారికి ఒకప్పుడు బీటా బ్లాకర్ ఇవ్వడమే నేరమనుకునేవారు. 1999లో బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ అధ్యయనాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. రెండింటిలోనూ మరణాలు మూడో వంతు తగ్గాయి. 2001లో కార్వెడిలాల్ మరీ తీవ్రంగా జబ్బుపడినవారిలోనూ 35 శాతం మరణాలను తగ్గించింది. 2005లో 70 ఏళ్లు దాటిన గుండె రోగుల మీద జరిగిన సీనియర్స్ అధ్యయనంలో నెబివలాల్, మరణాలూ ఆస్పత్రి పాలవడమూ కలిపి 14 శాతం తగ్గించింది. అక్కడ కొత్త, పాత భేదం లేదు. రెండో తరం మందులూ మూడో తరం మందులూ పక్కపక్కనే నిలిచాయి.

గుండెనొప్పి, గుండె లయ తప్పడం, మహాధమని గోడ చీలడం వంటి వాటిలో బీటా బ్లాకర్ ఇప్పటికీ ముందు వరసలోనే ఉంది. గర్భిణులకు బీపీ పెరిగితే మూడో తరానికి చెందిన లాబెటలాల్ మొదట వాడే మందుల్లో ఒకటి. అటెనలాల్ బిడ్డ ఎదుగుదలను తగ్గిస్తుంది కాబట్టి గర్భిణులకు వాడరు. గుండెపోటు వచ్చినా గుండె బలం తగ్గనివారికి బీటా బ్లాకర్ ఎప్పటికీ కావాలా అన్న ప్రశ్న 2024లో స్వీడన్ నేతృత్వంలో జరిగిన రెడ్యూస్ అధ్యయనంతో గట్టిగా ముందుకొచ్చింది. వారిలో పెద్ద లాభం కనిపించలేదు. అయినా ఎవరికి ఆపాలన్నది ఎకో పరీక్ష చూసి కార్డియాలజిస్టు తేల్చాల్సిన విషయం.

తాతల నాటి ప్రోప్రనలాల్ కూడా మూలన పడలేదు. మైగ్రేన్ రాకుండా, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే దడకు, చేతుల వణుకుకు, లివర్ రోగుల్లో రక్తపు వాంతులు కాకుండా ఇస్తున్నారు. పసిపిల్లల చర్మం మీద పెరిగే రక్తనాళాల కణుతులకు ఇది మంచి మందని 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు బయటపెట్టారు. మొదటి తరం దోషంగా చూసిన బీటా-2ని ఆపే గుణమే వీటిలో కొన్నిచోట్ల వరమైంది.

మన ఇంటి మందుల డబ్బాలో

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో పెద్దవారిలో నలుగురికి ఒకరికి పైగా బీపీ ఎక్కువగా ఉంది. 2017లో దేశంలో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ పద్ధతిలో పీహెచ్‌సీల్లో వరసగా ఇచ్చేవి అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, నీరు తీసే మాత్ర. బీటా బ్లాకర్ ఆ మెట్లలో లేదు. మామూలు బీపీకి మొదటి మాత్రగా బీటా బ్లాకర్ అక్కర్లేదన్న ప్రపంచ అనుభవమే ఇక్కడా అమలైంది. యూరప్‌లో 2023 నాటి మార్గదర్శకాలు బీటా బ్లాకర్లను మళ్లీ ప్రధాన మందుల సరసన చేర్చాయి. అయితే గుండె జబ్బు, వేగంగా కొట్టుకునే గుండె వంటి కారణాలున్నప్పుడు వీటికున్న విలువను దృష్టిలో పెట్టుకునే ఆ మార్పు చేశారు.

అయినా మన మందుల డబ్బాల్లో అటెనలాల్ ఎందుకంత ఎక్కువ? అమ్లోడిపిన్‌తో కలిపిన జంట మాత్రలు ఏళ్లుగా చలామణిలో ఉండటం ఒక కారణం. చీటీలో పేరు పక్కన ఏ.టి. అనో, ఏ అనో, బీటా అనో తోక ఉంటుంది. వేసుకునేవారు దాన్ని అమ్లోడిపిన్ అనుకుంటారు. నిజానికి అందులో బీటా బ్లాకర్ ఉంది. ఉబ్బసం ఉన్న మనిషి పక్కింటివారి జంట మాత్ర అడిగి వేసుకుంటే ఏమవుతుందో ఊహించండి.

మెటోప్రొలాల్ స్ట్రిప్పు తిప్పి చూడండి. వెనక చిన్న అక్షరాల్లో సక్సినేట్ అని ఉంటే రోజంతా మెల్లగా విడుదలయ్యే రకం. పేరు చివర ఎక్స్‌ఎల్ అనో ఈఆర్ అనో ఉంటుంది. టార్ట్రేట్ అని ఉంటే త్వరగా కరిగే రకం, రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. గుండె బలహీనతలో ప్రాణం నిలిపినట్టు రుజువైంది సక్సినేట్. 2003 నాటి కామెట్ అధ్యయనంలో టార్ట్రేట్ వాడినవారికన్నా కార్వెడిలాల్ వాడినవారే ఎక్కువమంది బతికారు. స్టాకు లేదని షాపులో ఒకటి బదులు మరొకటి ఇస్తే, పేరొకటే అని సరిపెట్టుకోకూడదు. మెల్లగా విడుదలయ్యే మాత్రను నూరి వేసుకోకూడదు. కార్వెడిలాల్‌ను భోజనంతో వేసుకోవాలి, లేదంటే లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అటెనలాల్ మోతాదు తగ్గించాలి. డిప్రెషన్‌కు ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ వాడేవారిలో మెటోప్రొలాల్, నెబివలాల్ ఒంట్లో ఎక్కువ సేపు నిలిచి గుండెను మరీ నెమ్మదింపజేస్తాయి.

హఠాత్తుగా మానేస్తే

ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపకూడదు, అది పాతదైనా కొత్తదైనా. గ్రాహకాలు ఎక్కువకాలం మూసి ఉంటే, కణం తన మీద ఇంకా ఎక్కువ గ్రాహకాలు మొలిపించుకుంటుంది. మాత్ర ఆగగానే అడ్రినలిన్‌కు అవన్నీ ఒకేసారి దొరుకుతాయి. గుండె పరుగెత్తుతుంది, బీపీ ఎగబాకుతుంది. గుండె నాళాల్లో పూడికలున్నవారికి నొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ప్రోప్రనలాల్‌ను చటుక్కున ఆపినవారిలో ఇలా జరుగుతోందని 1970లలోనే డాక్టర్లు హెచ్చరించారు. ఆపాల్సి వస్తే ఒకటి రెండు వారాల్లో మోతాదు తగ్గించుకుంటూ పోవాలి. పెళ్లికో తిరుపతికో వెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచిపోతే, అక్కడి మెడికల్ షాపులో అదే మందు, అదే మోతాదు కొనుక్కోవాలి. అందుకే స్ట్రిప్పు ఫొటో ఫోన్లో ఉండాలి.

నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగి పడిపోయినా, కొత్తగా ఆయాసం, పిల్లికూతలు మొదలైనా వెంటనే డాక్టరును కలవాలి. ఆపరేషన్‌కు వెళ్లే ముందు, పన్ను పీకించుకునే ముందు బీటా బ్లాకర్ వాడుతున్నట్టు చెప్పాలి.

చీటీ మీద కారణం కూడా రాయాలి

అరవై ఏళ్ల ఈ ప్రయాణం నుంచి తేలేది ఒకటే. బీటా బ్లాకర్ మంచిదా కాదా, పాతదా కొత్తదా అన్న ప్రశ్నకు ‘ఎందుకు ఇస్తున్నారు’ అన్నది తెలియకుండా జవాబు లేదు. మామూలు బీపీకి మొదటి మాత్రగా అయితే వేరే మందులు మెరుగు. షుగరున్నవారికి, అలసటతో వేగలేనివారికి బీటా బ్లాకర్ కావాల్సి వస్తే కొత్తవాటిని ఎంచుకోవడం న్యాయం. గుండె బలహీనపడితే రుజువున్న మాత్రే కావాలి. అటెనలాల్ వేసుకుని ఏళ్లుగా బాగున్నవారు భయపడి మానేయనక్కర్లేదు. ఈసారి వెళ్లినప్పుడు ‘‘డాక్టరు గారూ, ఇది నాకు బీపీకా, గుండెకా? నా షుగర్‌కు, ఆయాసానికి ఇదే సరిపోతుందా?’’ అని అడిగితే చాలు.

ఈ బాధ్యత రోగి ఒక్కడిదే కాదు. చీటీ మీద మందు పేరు, మోతాదు రాసే చేయి పక్కనే ‘బీపీకి’, ‘గుండె బలానికి’, ‘దడకు’ అని తెలుగులో రెండు మాటలు రాయడానికి పట్టే సమయం ఐదు సెకన్లు. ఆ రెండు మాటలుంటే షాపులో సక్సినేట్ బదులు టార్ట్రేట్ వచ్చినప్పుడు ఇంట్లో పిల్లలు పట్టుకోగలరు. బీపీ అంకె బాగుందని గుండె కోసం ఇచ్చిన మాత్రను మానేసే పెద్దాయనను కోడలు ఆపగలదు. ఊరు మారి కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా ఏది ఆపకూడదో ఆయనకు తెలుస్తుంది. కొత్త మందుల కోసం ఎదురుచూడకుండా, ఖర్చు లేకుండా, రేపటి ఓపీ నుంచే ప్రతి ఆస్పత్రిలో మొదలుపెట్టదగ్గ మార్పు ఇది. మొదలుపెట్టాలి.